బేస్ నాబ్ తగ్గిస్తేనే బేస్ వినిపిస్తుంది

మా పిన్ని కొడుకు ఫోన్‌లో తీసిన వీడియో ఒకటి ఇంకా నా దగ్గరుంది. ఒక పెళ్లి సంగీత్, పెద్ద ఫంక్షన్ హాలు, ఏడుగురి బ్యాండు, కుడివైపు చివర్లో బేస్ గిటార్‌తో నేను. ఆ రోజు నా సౌండ్ అదిరిపోయిందనే అనుకున్నాను. ఇంట్లో మూడు వారాలు కూర్చుని సెట్ చేసుకున్న సౌండ్ మరి: ఆంప్ మీద బేస్ నాబ్, అంటే కింది స్వరాలది, ముప్పావు వంతు పైకి, మధ్య స్వరాల మిడ్ బాగా కిందికి, పై స్వరాల ట్రెబుల్ కాస్త పైకి. వీడియోలో చూస్తే నా వేళ్లు కదులుతున్నాయి, అంతే. డ్రమ్స్ వినిపిస్తున్నాయి, కీబోర్డు వినిపిస్తోంది, పాట వినిపిస్తోంది. వెనకాల ఎక్కడో లారీ ఇంజన్ ఆపకుండా వదిలేసినట్టు ఒక రొద. ఆ రొదే నేను.

తర్వాతి ప్రోగ్రామ్‌లో మిక్సర్ దగ్గర కూర్చున్న పెద్దాయన సౌండ్ చెక్‌లో రెండు నిమిషాలు విని, స్టేజి దగ్గరికి నడుచుకుంటూ వచ్చాడు.

"తమ్ముడూ, ఆ ‘లో’ సగం తీసెయ్. మిడ్ పెంచు."

"అన్నా, బేస్ గిటార్ కదా. బేస్ తీసేస్తే ఇంకేం మిగుల్తది?"

"బేస్ నేనిస్తా. నువ్వు నోటు ఇయ్యి."

ఈ రెండు ముక్కల వెనకున్న సంగతి నాకు ఒంటబట్టడానికి రెండేళ్లు పట్టింది. అది అర్థమయ్యాక ఏ గిటార్ కొనాలి, ఎన్ని వాట్ల ఆంప్ కావాలి, నాలుగు తీగలా ఐదు తీగలా అన్న గొడవల్లో సగం వాటంతటవే తేలిపోయాయి. అందుకే సామాన్ల గురించి చెప్పేముందు చెవి గురించి చెబుతాను.

ఇంట్లో బాగున్నది స్టేజి మీద ఎందుకు చెడుతుంది

మన చెవికి కింది స్వరాలు సరిగా ఆనవు. మాటల గొంతు ఉండే మధ్య ఫ్రీక్వెన్సీలను అది ఇట్టే పట్టేస్తుంది, బాగా కిందివాటిని మాత్రం గట్టిగా కొడితే తప్ప పట్టించుకోదు. ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాల) స్వరం 40 డెసిబెల్స్‌లో ఎంత గట్టిగా వినిపిస్తుందో, 50 హెర్ట్జ్ స్వరం అంత గట్టిగా వినిపించాలంటే 75 డెసిబెల్స్ దాటాలి. 35 డెసిబెల్స్ పైచిలుకు తేడా. కానీ మొత్తం శబ్దం పెరిగేకొద్దీ ఈ తేడా తగ్గుతూ వస్తుంది. 80 డెసిబెల్స్ దగ్గర ఇదే తేడా ఇరవై పైచిలుకే.

దీన్ని నా పడగ్గదికి అన్వయించండి. రాత్రి పక్కింటివాళ్లు తిట్టకుండా చిన్నగా పెట్టుకుని వాయిస్తున్నాను. ఆ వాల్యూమ్‌లో చెవి బేస్‌ను వదిలేస్తోంది కాబట్టి, "పల్చగా ఉందే" అనుకుని నాబ్ పైకి తిప్పాను. అదే సెట్టింగ్‌తో స్టేజి ఎక్కి వాల్యూమ్ పెంచితే, ఇంట్లో లోటు పూడ్చడానికి కలిపింది కాస్తా ఇక్కడ అదనపు బరువైంది. చిన్న గిన్నె చారుకి సరిపడా ఉప్పని వేసినదాన్ని మరగబెట్టి మరగబెట్టి సగం చేసినట్టు.

రెండో సంగతి ఇంకా విచిత్రం. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, అంటే ‘ఈ’ తీగ, ఊరికే మీటితే 41 హెర్ట్జ్‌లో మోగుతుంది. దాంతో పాటు 82లో, 123లో, 165లో, ఇంకా పైన కూడా అదే తీగ సన్నగా మోగుతూ ఉంటుంది. వీటిని హార్మోనిక్స్ అంటారు. ఫోన్ స్పీకర్‌లో 41 హెర్ట్జ్ అనేదే రాదు. 82 కూడా రానట్టే లెక్క. అయినా బాగా మిక్స్ చేసిన పాటలో బేస్ ఏ స్వరం మీద నడుస్తోందో ఫోన్‌లోనే పోల్చుకుంటాం. పై హార్మోనిక్స్ మధ్య ఎడం చూసి, కింద ఉండాల్సిన స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. ఇళయరాజా పాటల్లో బేస్ పాట పక్కనే మరో పాటలా నడుస్తుంది కదా, వాటిని మన ఇళ్లలో అరచేతి వెడల్పు స్పీకరున్న టేప్ రికార్డర్లలో విని హమ్ చేసిన తరం ఉంది. ఆ డబ్బాల్లోంచి అట్టడుగు బేస్ ఏం వచ్చి ఉంటుంది? వాళ్లు విన్నది మిడ్.

ఆ పెద్దాయన చెప్పింది ఇదే. బేస్ గిటార్ బరువు 40 నుంచి 100 హెర్ట్జ్ దాకా ఉంటుంది, అది ఒంటికి తగులుతుంది. స్వరం పేరు మాత్రం సుమారు 200 నుంచి 800 దాకా ఉన్న మిడ్‌లో తెలుస్తుంది. నేను మిడ్ కోసేసి నా పేరు నేనే చెరిపేసుకున్నాను. మిగిలింది లారీ ఇంజన్.

ఇక గది. 41 హెర్ట్జ్ అల ఒక్కటి ఎనిమిది మీటర్లకు పైగా పొడవుంటుంది. ఎదురెదురు గోడల మధ్య దూరం అందులో సగం ఉంటే ఆ అల గోడలకు కొట్టుకుని తనమీద తనే పేరుకుంటుంది. మన ప్రాక్టీస్ గదులు చాలావరకు నాలుగు మీటర్ల పొడవే. ఎండాకాలం 30 డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. లెక్క కడితే ఆ గదిలో పేరుకునే స్వరం 43.6 హెర్ట్జ్. అంటే ‘ఈ’ తీగ మీద మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ పట్టీ) దగ్గర పలికే స్వరం, ‘ఎఫ్’. ఆ ఒక్క స్వరం గోడ దగ్గర కిటికీ అద్దాల్ని గలగలలాడిస్తుంది, గది నడిమధ్యలో నిలబడ్డవాడికి దాదాపు మాయమైపోతుంది. మా ప్రాక్టీస్ గదిలో డ్రమ్మర్ గోడకి ఆనుకుని, సింగర్ మధ్యలో ఉండేవాళ్లు. "వాడి బేస్ తగ్గించండ్రా" అని ఒకడు, "అసలు బేసే లేదు" అని ఇంకొకడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఏడాది పాటు కొట్టుకున్నాం.

పక్కవాళ్లెవరో చూసుకోవాలి

మన దగ్గర బేసిస్ట్‌కి ఉన్న ఇబ్బంది బయటి పుస్తకాల్లో దొరకదు. చిన్న ఆర్కెస్ట్రాల్లో బేసిస్ట్ ఉండడు, కీబోర్డు ప్లేయరే ఎడమ చేత్తో బేస్ నడిపిస్తాడు. పదేళ్లు అలా వాయించిన చేయి, పక్కన బేస్ గిటార్ వచ్చి నిలబడగానే ఊరుకోదు. ప్యాడ్స్ వాయించేవాడి డోలక్ టోన్‌లో కూడా కింద గుమ్ము ఉంటుంది. దానికి తోడు ల్యాప్‌టాప్‌లోంచి ట్రాక్ నడుస్తుంటే అందులో ముందే బేస్ రికార్డయి ఉంటుంది. ఒకే మెట్టు మీద ముగ్గురు నిలబడినట్టు. ఇక్కడ లక్ష రూపాయల గిటార్ తెచ్చినా పనికిరాదు. "బ్రో, లెఫ్ట్ హ్యాండ్ ఒక ఆక్టేవ్ పైకి తీసుకోవా" అని మర్యాదగా అడగడమే అన్నిటికన్నా మంచి ఎక్విప్‌మెంట్. ట్రాక్ తయారు చేసినవాణ్ణి బేస్ లేని ఫైల్ అడిగి తీసుకోవడం రెండోది.

డ్రమ్స్‌లో కిక్‌తో, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్‌తో, ఒప్పందం వేరు. ఆ దెబ్బ బరువు కూడా దాదాపు 50, 100 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. ఆ ఇరుకు చోటులో ఒకరు కింద, ఒకరు కాస్త పైన సర్దుకోవాలి. కిక్ కిందికి పోతే బేస్ 100 పైన నిలబడాలి. ఎవరెక్కడ అన్నది మిక్సర్ దగ్గరున్నవాడు తేలుస్తాడు. మనం చేయగలిగిందల్లా కిక్ పడ్డప్పుడు నోటు పడేయడం, స్నేర్ పడ్డప్పుడు తీగ మీద వేలు పెట్టి ఆపడం. స్వరం ఎప్పుడు మొదలవుతుందో అందరూ చూసుకుంటారు. ఎప్పుడు ఆగుతుందో చూసుకునేవాడే బేసిస్ట్ అని నా లెక్క.

ఇప్పుడు సామాను

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు అతను తీర్చింది కూడా ఈ వినబడని బాధే. అప్పటిదాకా నిలువెత్తు చెక్క బేస్‌ను మోసుకుని తిరిగేవాళ్లు, బ్యాండులో అది వినిపించేది కాదు. ఫ్రెట్లుండటం వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టి ‘ప్రెసిషన్’ అని పేరు. 1957లో దాని పికప్‌ను, అంటే తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు ముక్కను, రెండు ముక్కలుగా విడగొట్టి పెట్టారు. ఆ రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ను (కరెంటు రొదను) ఒకటి కొట్టేస్తాయి. 1960లో వచ్చిన జాజ్ బేస్‌కు రెండు పికప్‌లు. రెండూ ఫుల్‌గా పెడితే హమ్ ఉండదు కానీ మధ్యలో కొంత మిడ్ లోపిస్తుంది. ఒక్కటే పెడితే మిడ్ వస్తుంది, దాంతో పాటు ఎల్‌ఈడీ లైట్ల దగ్గర జుయ్యిమనే హమ్ కూడా వస్తుంది. పబ్బుల్లో, ఫంక్షన్ హాళ్లలో లైట్ల సంగతి తెలిసిందే కదా. ఒక్కటే గిటార్ కొనగలిగినవాడికి నేనైతే ప్రెసిషన్ రకం పికప్ ఉన్నదే చెబుతాను. ప్రెసిషన్, జాజ్ రకాల పికప్‌లు రెండూ కలిపి పెట్టిన గిటార్లు యమహా, ఐబనెజ్, కోర్ట్ లాంటి కంపెనీల్లో తక్కువ ధర మోడళ్లలోనే దొరుకుతాయి, అవీ మంచివే.

యాక్టివ్, ప్యాసివ్ గొడవలో ఒక అపోహ ఉంది. యాక్టివ్ అంటే గిటార్ లోపలే 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీఆంప్, సిగ్నల్‌ను ముందే బలపరిచే సర్క్యూట్. అది లేనిది ప్యాసివ్. "యాక్టివ్ అయితేనే స్టేజి మీద బాగుంటుంది" అని మన ఆర్కెస్ట్రా వాళ్లు గట్టిగా నమ్ముతారు. ఎందుకంటే మన దగ్గర బేస్‌ను సరాసరి మిక్సర్‌లో గుచ్చేస్తారు. ప్యాసివ్ పికప్‌కు ఎదురుగా చాలా ఎక్కువ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) ఉండాలి, ఒక మెగా ఓమ్ దరిదాపుల్లో. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ పదివేల ఓమ్‌ల లెక్కలో ఉంటుంది. అంత తక్కువలో గుచ్చితే పికప్ నీరసపడిపోయి పై హార్మోనిక్స్ చచ్చిపోతాయి, అంటే మన నోటు పేరు చచ్చిపోతుంది. యాక్టివ్ గిటార్‌కు ఈ తిప్పలు లేవు కాబట్టి అది గెలిచినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఒక డీఐ బాక్స్, అంటే గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న డబ్బా, పెట్టి చూడండి, ప్యాసివ్ గిటారూ లేచి కూర్చుంటుంది. పైగా దానికి పాట మధ్యలో బ్యాటరీ అయిపోదు. యాక్టివ్ గిటార్లలో కేబుల్ గుచ్చితే చాలు బ్యాటరీ ఆన్ అయిపోతుంది. రాత్రి ప్రాక్టీస్ అయ్యాక కేబుల్ పీకకుండా పడుకున్నవాడు మర్నాడు సౌండ్ చెక్‌లో బుర్ర గోక్కుంటూ కనిపిస్తాడు. నేనూ కనిపించాను.

ఐదు తీగల విషయంలో మాత్రం మనవాళ్ల ఇష్టం సరైనదే, ఇంకా కిందికి వెళ్లొచ్చని చెప్పే కారణం తప్పు. కింది ‘బి’ తీగ 31 హెర్ట్జ్. అంత కిందికి వెళ్లే స్పీకర్లు చిన్న ప్రోగ్రాములకు రావు. అసలు లాభం వేరే ఉంది. సింగర్ మారితే స్కేల్ మారుతుంది. నిన్న ‘ఈ’లో వాయించిన పాటను ఇవాళ సింగర్‌కు జలుబు చేసిందని ‘డి షార్ప్’లో ఎత్తుకుంటారు. నాలుగు తీగల గిటార్‌లో కింది ‘డి షార్ప్’ లేనే లేదు, పై ఆక్టేవ్‌కు ఎక్కాలి. అప్పుడు పాట కింద నేల తీసేసినట్టు ఉంటుంది. ఐదు తీగల్లో ‘బి’ తీగ మీద నాలుగో ఫ్రెట్ నొక్కితే సరి. చేయి ఎక్కువ దూరం జరపక్కర్లేదు కూడా. నాకు తెలిసిన బేసిస్టుల్లో సగం మంది చర్చిలో నేర్చుకున్నవాళ్లే. అక్కడ పాట ఏ స్కేల్‌లో మొదలవుతుందో మొదలయ్యాకే తెలుస్తుంది. వాళ్లందరి చేతుల్లో ఐదు తీగలే ఎందుకుంటాయో వేరే చెప్పాలా.

తీగల గురించి ఒక్క మాట. కొత్త రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) తీగలు గణగణమంటాయి, చెమట చేతులతో వాయిస్తే రెండు నెలల్లో మూగబోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో తుప్పు కూడా తోడు. సెట్ కొనడానికి డబ్బుల్లేనప్పుడు పాత తీగల్ని విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగించి ఆరబెడితే, చుట్ల మధ్య పేరుకున్న జిడ్డు పోయి కొన్నాళ్లు బతుకుతాయి. ఇంట్లో టీ గిన్నె వాడకండి, గొడవవుతుంది. అయితే అమెరికాలో మోటౌన్ అనే కంపెనీ రికార్డుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 ప్రెసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టిన) తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. గణగణ లేకపోయినా అతని ప్రతి నోటూ ఇవాళ్టికీ స్పష్టంగా వినిపిస్తుంది. మిడ్ ఉంది కాబట్టి.

ఆంప్ దగ్గర అందరూ వాట్ల వెంట పడతారు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి "కాస్త పెరిగింది" అనిపిస్తుంది. రెట్టింపు గట్టిగా అనిపించాలంటే పది రెట్లు కావాలి. 100 వాట్ల నుంచి 150కి మారడానికి అప్పు చేయడం శుద్ధ దండగ. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్లతో, ఎనిమిది పదంగుళాల స్పీకర్ల పెట్టెతో ఉండేదంటే కారణం ఉంది. అప్పట్లో హాలు పీఏలో, అంటే జనం వైపు పెట్టే స్పీకర్లలో, బేస్‌ను పంపేవాళ్లు కాదు, జనం దాకా మోయాల్సింది ఆంపే. ఇప్పుడు జనానికి వినిపించే పని మిక్సర్‌ది. నీ ఆంప్ నీకూ, నీ డ్రమ్మర్‌కూ వినిపిస్తే చాలు. డ్రమ్స్ పక్కన 15 వాట్ల ప్రాక్టీస్ ఆంప్ ఎలాగూ ఆనదు. రెండు, మూడు కిలోల్లోనే వచ్చే క్లాస్ డీ రకం హెడ్ (స్పీకర్ లేని ఆంప్), ఒక పన్నెండంగుళాల క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) ఉంటే చిన్న ప్రోగ్రాములకు ధీమాగా వెళ్లొచ్చు. ఆ క్యాబినెట్‌ను స్టేజి చెక్కల మీద పెట్టకుండా కుర్చీ మీదకు ఎక్కించండి. లోపల డొల్లగా ఉండే ఆ స్టేజి తనే ఒక పెద్ద డప్పు. పైగా స్పీకర్ మోకాళ్లకు కాకుండా చెవులకు వినిపించాలి కదా.

రెండో క్యాబినెట్ కలిపేటప్పుడు ఓమ్‌లు చూసుకోవాలి. 8 ఓమ్‌లవి రెండు కలిపితే 4 అవుతుంది, 4 ఓమ్‌లవి రెండు కలిపితే 2. హెడ్ వెనక "కనీసం 4" అని రాసి ఉంటే రెండోది దాని ప్రాణం మీదకొస్తుంది. గిటార్ కేబుల్‌తో హెడ్‌ను, క్యాబినెట్‌ను కలపకండి. జాక్ ఒకలాగే ఉంటుంది కానీ లోపలి తీగ సన్నం, కాలుతుంది.

డబ్బు తక్కువుంటే ఆంప్ వాయిదా వేసి, మిడ్ నాబ్ ఉన్న ప్రీఆంప్ డీఐ ఒకటి కొనమంటాను. బ్యాగ్ జేబులో పడుతుంది, ఏ ఊళ్లో ఏ మిక్సర్ ఉన్నా మన సౌండ్ మనతో వస్తుంది. తర్వాతి ఖర్చు గిటార్ సెటప్ మీద. నెక్ నిఠారుగా ఉందా, తీగల ఎత్తు సరిపోయిందా, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి కలుస్తోందా అని తెలిసినవాడి చేత చూపించాలి. వానాకాలం తేమకు, ఎండాకాలం పొడికి చెక్క కదులుతుంది, ఏడాదికి రెండుసార్లైనా చూపించక తప్పదు. బాడీ ఏ చెక్క అన్న చర్చకు నేను పోను. ఫంక్షన్ హాల్లో తేడా చెప్పగలిగినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం తమాషా వద్దు. బేస్ గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆంప్ ఒక బోర్డులోంచి, మిక్సర్ ఇంకో ఫేజులోంచి, జనరేటర్‌కు ఎర్తింగే లేకుండా నడుస్తుంటే, చేతిలో తీగలకూ పెదవి దగ్గరి మైక్‌కూ మధ్య కరెంటు ఉండొచ్చు. కోరస్ పాడదామని మైక్ దగ్గరికి వంగినప్పుడు నా కింది పెదవి మీద చురుక్కుమంది, కళ్ల ముందు తెల్లటి మెరుపు. అదృష్టం బాగుండి చురుకుతో పోయింది. ఇలా ప్రాణాలు పోయినవాళ్లున్నారు. ఆంప్‌కూ మిక్సర్‌కూ ఒకే బోర్డులోంచి కరెంటు ఇమ్మని అడగండి. వాయించేముందు తీగల మీద, మైక్ జాలీ మీద టెస్టర్ పెట్టి చూడండి. హమ్ వస్తోందని ప్లగ్గు మూడో పిన్ను విరిచేసేవాళ్లు ఉంటారు, వాళ్లను మీ సామాను ముట్టుకోనివ్వకండి. హమ్ కోసం డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంది.

ఇక కొనడానికి వెళ్లినప్పుడు షాపులో స్టూలు మీద కూర్చోబెట్టి గిటార్ చేతికిస్తారు. లేచి నిలబడండి. స్ట్రాప్ తగిలించుకుని రెండు చేతులూ వదిలేయండి. నెక్ నేలకేసి వాలిపోతుంటే, మూడు గంటల ప్రోగ్రామ్‌లో మీ ఎడమ చేయి వాయించడం మానేసి దాన్ని మోస్తూ కూర్చుంటుంది. నాలుగు కిలోలు దాటితే మూడంగుళాల వెడల్పు స్ట్రాప్ కూడా బిల్లులో వేయించండి. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ ఒక్కొక్కటిగా నొక్కి వినండి, జాక్‌ను కదిపి గరగర వస్తోందేమో చూడండి. సిగ్గుపడకుండా ఇరవై నిమిషాలు తీసుకోండి. ఆంప్ ఆన్ చేసిచ్చే కుర్రాడు అలవాటు కొద్దీ బేస్ నాబ్‌ను పైకి తిప్పి, మిడ్‌ను కిందికి దించి ఇస్తాడు. రెంటినీ నడిమికి తెచ్చుకుని అప్పుడు మొదలుపెట్టండి.